పల్లి చేనుకు ఆముదం కాపలా: లద్దె పురుగు గుడ్లను వాసనతో దారి మళ్లించే పద్ధతి

కల్వకుర్తి, అచ్చంపేట, వనపర్తి వైపు యాసంగి పల్లి వేసేవాళ్లు ఏటా నన్ను ఒకే మాట అడుగుతున్నారు. "గట్ల మీద ఆముదం వేసినం, అయినా లద్దె పురుగు చేనంతా తిన్నది, ఎందుకట్ల?" వాళ్ల చేనుకు వెళ్లి ఆముదం ఆకు తిప్పి చూస్తే చాలాసార్లు జవాబు ఆ ఆకు వెనకాలే దొరుకుతుంది. ఆముదం తన పని తాను చేసింది. తల్లి పురుగును పిలిచి గుడ్లు పెట్టించుకుంది. ఆ తర్వాత మనిషి చేయాల్సిన పనే జరగలేదు.

అందుకే ఈసారి మొత్తం పనిని వరుస క్రమంలో రాస్తున్నాను. ఎక్కువ భాగం పల్లి గురించే. పత్తి, టమాట, బత్తాయి వాళ్లకు పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

1. తల్లి పురుగు చేనును ఎలా వెతుక్కుంటుంది

ఈ భాగం దాటేసి నేరుగా విత్తడానికి వెళ్లకండి. తర్వాత చెప్పే ప్రతి పనికీ కారణం ఇక్కడే ఉంది.

పొగాకు లద్దె పురుగు తల్లి రాత్రిపూట ఎగిరే గోధుమ రంగు రెక్కల పురుగు. మన చేను దానికి కనిపించేలోపే వాసన తగులుతుంది. ప్రతి మొక్కా ఆకుల నుంచి గాలిలోకి కొన్ని ఆవిర్లు వదులుతూనే ఉంటుంది. పచ్చగడ్డి కోసినప్పుడు వచ్చే వాసన దాదాపు అన్ని ఆకుల్లోనూ ఉండేది. దానికి తోడు ఒక్కో మొక్కకు తనవైన మరికొన్ని వాసనలుంటాయి. పురుగు గుర్తుపట్టేది అందులో ఏ ఒక్కదాన్నో కాదు, అవన్నీ ఏ పాళ్లలో కలిశాయన్నదాన్ని. పక్కింటి పోపు వాసన పట్టి ఈ రోజు పప్పా, పులుసా అని మనం చెప్పినట్టే.

తల మీద ఉన్న రెండు మీసాలే దాని ముక్కు. మీసాల నిండా కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. ఆ నూగుకు వాసన తగలగానే పురుగు గాలికి ఎదురు తిరిగి ఎగురుతుంది. మధ్యలో వాసన తప్పిపోతే అటూ ఇటూ అడ్డంగా తిరిగి మళ్లీ అందుకుంటుంది. దగ్గరికొచ్చాక మొక్క ఆకారం, రంగు కూడా చూస్తుంది. ఆకు మీద వాలాక కాళ్లతో రుచి చూస్తుంది, ఎందుకంటే రుచి తెలిసే నూగు దాని కాళ్లకూ ఉంటుంది. చివరగా గుడ్లు పెట్టే కొనతో ఆకును తడిమి, నచ్చితే పెడుతుంది. పిలిచేది వాసన, ఒప్పించేది రుచి.

మన పనికి సూటిగా ఉపయోగపడే సంగతులు మరో రెండున్నాయి.

మన లద్దె పురుగుకు దగ్గరి బంధువైన ఒక రెక్కల పురుగు మీద శాస్త్రవేత్తలు చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, జత కట్టని ఆడ పురుగు పూల వాసన వైపు పోతుంది, జత కట్టిన తర్వాత పచ్చని ఆకు వాసన వైపు తిరుగుతుంది. తేనె కోసం తిరిగిన పురుగే పిల్లల కోసం వెతకడం మొదలుపెడుతుందన్నమాట. కాబట్టి లద్దె పురుగుకు ఎర వేసేటప్పుడు పువ్వు కన్నా లేత ఆకు ముఖ్యం.

రెండోది, పురుగు కొరికిన మొక్క వాసన మారిపోతుంది. అదే బంధువు పురుగు అలా దెబ్బతిన్న పత్తి మొక్క మీద, పిల్ల పురుగుల రెట్ట పడిన ఆకు మీద గుడ్లు పెట్టడానికి వెనకాడుతుంది. తన పిల్లలకు అక్కడ తిండి చాలదని దానికి వాసనతోనే తెలుస్తుంది. ఆ మారిన వాసన మేలు చేసే పరాన్నజీవి కందిరీగలకు మాత్రం పిలుపు. అంటే ఆకులన్నీ చిరిగిపోయిన ఆముదం ఇక మంచి ఎర కాదు. దీన్ని గుర్తుంచుకోండి, 6వ భాగంలో మళ్లీ వస్తుంది.

2. ఏ పురుగుకు ఈ పద్ధతి పనిచేస్తుంది, దేనికి చేయదు

- పల్లి, మిరప, పత్తిలో పొగాకు లద్దె పురుగు: ఆముదం ఎర బాగా పనిచేస్తుంది. గుడ్లు గుంపుగా పెడుతుంది కాబట్టి చేత్తో ఏరడం కూడా తేలిక.
- టమాటలో శనగ పచ్చ పురుగు: బంతి ఎర పనిచేస్తుంది, కానీ పూల సమయం కుదరాలి.
- క్యాబేజీలో డైమండ్ మచ్చల రెక్కల పురుగు: ఆవాలు.
- పత్తిలో గులాబీ రంగు పురుగు: పనిచేయదు. అది మొగ్గ, పువ్వు, కాయల దగ్గర ఒదిగి గుడ్లు పెడుతుంది. ఆముదం, బంతి దాన్ని ఆపుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

లింగాకర్షక బుట్టకూ ఎర పంటకూ తేడా తెలియక చాలామంది తికమక పడుతున్నారు. బుట్టలోని ఎర ఆడ పురుగు వాసన, దానికి పడేది మగ పురుగు. ఎర పంటది మొక్క వాసన, దానికి వచ్చేది గుడ్లున్న ఆడ పురుగు. ఒకటుంటే రెండోది అక్కర్లేదని కాదు. బుట్టలో మగ పురుగులు పడటం పెరిగిందంటే, ఇక ఆముదం ఆకు వెనక గుడ్లు వెతకాలని మీకు కబురు అందినట్టే.

3. విత్తే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక ఎకరానికి:

- ఆముదం విత్తనం సుమారు 100 గ్రాములు. 100 మొక్కలకు గుంతకు 2 గింజల చొప్పున, పోయినవి పోగా ఇది సరిపోతుంది.
- లింగాకర్షక బుట్టలు 4, లద్దె పురుగుకు సరిపోయే ఎరతో. శనగ పచ్చ పురుగు ఎర వేరు, కొనేటప్పుడు అడిగి తీసుకోండి.
- మూత ఉన్న బకెట్ ఒకటి, పిడికెడు సబ్బు పొడి.
- ఎండిన వేప గింజల పప్పు 10 కిలోలు.
- ఒక నోట్‌బుక్, పెన్ను.

వేప గింజల గురించి ముందే చెప్పాలి. వేప పండ్లు రాలేది ఎండాకాలం చివర, తొలకరి వానల రోజుల్లో. ఆ రోజుల్లోనే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి గోనెసంచిలో గాలి తగిలేలా దాచాలి. అక్టోబరులో పురుగు కనిపించాక గింజల కోసం పరుగెత్తితే బూజు పట్టినవో, నిరుటివో దొరుకుతాయి. పాత గింజల్లో చేదు మిగిలినా, పని చేసే గుణం తగ్గిపోతుంది.

4. ఆముదం ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పల్లి విత్తిన రోజే ఆముదం కూడా విత్తుతారు. చెలక నేలలో ఆముదం మొలకెత్తడానికే వారం పది రోజులు పడుతుంది, ఆకులు విప్పడానికి ఇంకా సమయం కావాలి. ఈలోపు పల్లి చేనంతా పచ్చగా పరుచుకుంటుంది. వచ్చిన తల్లి పురుగుకు పల్లి వాసనే ఎక్కువగా తగులుతుంది.

కాబట్టి పల్లి కన్నా 12 నుంచి 15 రోజుల ముందు ఆముదం పెట్టండి. అక్టోబరు మొదటి వారంలో పల్లి వేసే ఆలోచన ఉంటే ఉత్తర కార్తెలోనే, అంటే సెప్టెంబరు 20 అటూ ఇటూగా గట్ల మీద ఆముదం గింజ పడాలి. పల్లికి నెల నిండేసరికి ఆముదానికి అరచేతి కన్నా పెద్ద ఆకులు నాలుగైదు ఉండాలి. అదే కొలత.

ఎకరం చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 254 మీటర్లు. రెండున్నర మీటర్లకు ఒక గుంత పెడితే 100 మొక్కలు వస్తాయి. చేను రెండు మూడెకరాల ఒకే మడిగా ఉంటే గట్ల మీదవి చాలవు. మధ్యలో, కాలువల వెంట కూడా అక్కడక్కడ పెట్టండి.

గాలి సంగతి కూడా చూడండి. వాసన గాలి వాలుకు పోతుంది, పురుగు గాలికి ఎదురు వస్తుంది. యాసంగిలో మన వైపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. అంటే చేను వాసన పడమటికి పోతుంది, పురుగు పడమటి గట్టు మీదుగా లోపలికి వస్తుంది. అందుకే నేను పడమర, నైరుతి గట్ల మీద మొక్కలు కాస్త దగ్గరగా, మీటరున్నరకు ఒకటి పెడతాను. మిగతా వైపు పలచన చేస్తాను. వానాకాలం పంటకు పడమటి గాలి కాబట్టి తూర్పు గట్టు మీద చిక్కగా పెట్టాలి.

మొదటి విడత పెట్టిన 20 రోజులకు, ఖాళీగా ఉన్న చోట్ల ఇంకో 25 గింజలు నాటండి. ముదిరిన ఆకు కన్నా లేత ఆకు దగ్గరికే పురుగు ఎక్కువగా వస్తుంది. మొదటి మొక్కలు ముదిరే వేళకు ఇవి అందివస్తాయి.

5. గుడ్లను గుర్తుపట్టడం

పురుగును గుర్తుపట్టేవాళ్లు ఊరంతా ఉంటారు. గుడ్డును గుర్తుపట్టేవాళ్లు పదిమందిలో ఒకరుంటే ఎక్కువ. ఈ మార్గదర్శిలో మీరు ఒక్కటే నేర్చుకోగలిగితే ఇది నేర్చుకోండి.

లద్దె పురుగు గుడ్లు ఆకు అడుగున కుప్పగా ఉంటాయి. ఒక్కో కుప్పలో 200 నుంచి 300 దాకా ఉంటాయి. తల్లి తన ఒంటి నూగును వాటి మీద కప్పి పోతుంది, అందుకే దూరం నుంచి చూస్తే ఆకుకు గోధుమ రంగు దూదిపింజ అంటుకున్నట్టు కనిపిస్తుంది. మట్టి మరక అనుకుని వదిలేస్తారు. వేలితో నెమ్మదిగా రుద్దండి, మట్టయితే రాలుతుంది, గుడ్లయితే నూగు లేచి కింద ముత్యాల్లాంటి చిన్న గుండ్లు కనిపిస్తాయి.

ఆముదం మీద ఇంకో రకం గుడ్లూ ఉంటాయి. విడివిడిగా, ఆకుపచ్చగా, ఆకంతా చల్లినట్టు కనిపిస్తే అవి దాసరి పురుగువి. ఈ పురుగు ఆముదాన్ని తింటుంది, మీ పల్లికి దానితో భయం లేదు. కానీ ఎర మొక్క ఆకులే లేకుండా చేస్తుంది కాబట్టి పిల్ల పురుగులు కనబడితే ఏరేయండి.

శనగ పచ్చ పురుగు గుడ్లు ఒక్కొక్కటిగా లేత కొసల మీద, మొగ్గల మీద ఉంటాయి. గసగసం గింజ కన్నా చిన్నవి, తెలుపు లేదా లేత పసుపు. కంది, టమాట వాళ్లు ఉదయం ఏటవాలు ఎండలో చూస్తే తొందరగా కనిపిస్తాయి.

పొదగడానికి లద్దె పురుగు గుడ్లకు 3 నుంచి 5 రోజులు పడుతుంది. ఈ ఒక్క అంకె మీదే తర్వాతి పని అంతా ఆధారపడి ఉంది.

6. మూడు రోజులకోసారి గట్టు మీద నడక

గుడ్లు 3 రోజుల తర్వాత ఎప్పుడైనా పగలొచ్చు. కాబట్టి మూడు రోజులకోసారి గట్టంతా తిరగాలి. వారానికోసారి పోతానంటే ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మేలు, ఆముదం లేని చేనే ఇంకా నయం. ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకు కారణముంది.

నేను ఆముదం వేసిన మొదటి ఏడు, దగ్గరి బంధువుల పెళ్లికి పోయి ఎనిమిది రోజులు ఊళ్లో లేను. తిరిగొచ్చి చూస్తే పడమటి గట్టు మీద ఆముదం ఆకులన్నీ జల్లెడలయ్యాయి. పిల్ల పురుగులు కాండం దిగి పల్లి సాళ్లలోకి పాకాయి. గట్టు వెంట ఉన్న ఆరు సాళ్లు ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. నేను వేసింది ఎర పంట కాదు, నా చేతులతో నేనే పురుగుకు నారుమడి పోశాను. అప్పటి నుంచి నేను ఊళ్లో లేకపోతే గట్టు తిరగాల్సిన మనిషిని ముందే మాట్లాడి పెట్టుకుంటున్నాను.

నడిచే పద్ధతి:

1. ఉదయం మంచు ఆరాక, ఎండ ముదరకముందు బయల్దేరండి. బకెట్‌లో సగం నీళ్లు, సబ్బు పొడి వేసుకోండి.
2. ఎప్పుడూ ఒకే మూల నుంచి మొదలుపెట్టండి. ఏ మొక్క చూశారో ఏది మిగిలిందో తికమక ఉండదు.
3. ప్రతి ఆకునూ అడుగు వైపుకు తిప్పి చూడండి. పైనుంచి చూస్తే గుడ్లు కనిపించవు.
4. గుడ్ల కుప్ప ఉంటే ఆ మేరకు ఆకు ముక్క తుంచి సబ్బు నీళ్లలో వేయండి. ఆకంతా తెంపకండి, మొక్కకు ఆకులుంటేనే వాసన ఉంటుంది.
5. ఆకు జల్లెడలా కనిపిస్తే అప్పుడే పుట్టిన పిల్లలు గుంపుగా అక్కడే ఉంటాయి. కింద బకెట్ పట్టుకుని, ఆకును కదపకుండా కాడ దగ్గర తెంపి ముంచేయండి. ఊపితే సగం కింద రాలిపోతాయి.
6. గట్టుకు ఆనుకున్న మొదటి నాలుగు పల్లి సాళ్లలోనూ ఆకులు తిప్పి చూడండి.
7. తేదీ, ఆముదం మీద ఎన్ని కుప్పలు, పల్లి మీద ఎన్ని కుప్పలు, ఈ మూడూ నోట్‌బుక్‌లో గట్టు వారీగా రాయండి.
8. బకెట్‌ను మరుసటి రోజు దాకా మూత పెట్టి ఉంచి, తర్వాత గుంతలో పోసి పూడ్చండి.

అలవాటయ్యాక 100 మొక్కలకు ముప్పావు గంట పడుతుంది. పల్లికి నెల రోజుల నుంచి కాయ ఊరే దాకా ఈ నడక ఆపకూడదు.

ఏదైనా మొక్క బాగా చిరిగిపోతే దాన్ని మోడుగా కత్తిరించి వదిలేయండి. పక్క నుంచి లేత చిగుర్లు వస్తాయి. చిరిగిన ఆకుల వాసనకు కొత్త తల్లులు దూరం జరుగుతాయని మొదట చెప్పాను కదా, అవి దూరం జరిగేది మీ పల్లి వైపే.

7. పల్లి మీద వేప కషాయం

ఆముదం పిలవాలి, పల్లి వద్దనాలి. ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. వేప గింజల్లోని పదార్థాలు తల్లి పురుగును ఆకు మీద గుడ్లు పెట్టనివ్వవు. పిల్ల పురుగు తింటే దాని ఎదుగుదలను దెబ్బతీస్తాయి.

ఎకరానికి 5 శాతం కషాయం ఇలా:

1. వేప పప్పు 10 కిలోలు రోట్లో బరకగా దంచండి. మరీ మెత్తని పిండి చేస్తే వడకట్టడం కష్టం.
2. పలచని గుడ్డలో మూటకట్టి 20 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. కాచకండి, వేడికి గుణం పోతుంది.
3. పొద్దున మూటను నీళ్లలోనే పదే పదే పిండి, నీళ్లు పాలలా తెల్లబడ్డాక గుడ్డతో వడకట్టండి.
4. 200 గ్రాముల సబ్బు పొడి కలపండి. ఇది లేకపోతే మందు ఆకు మీద నిలవదు.
5. మొత్తం 200 లీటర్లు చేసి అదే రోజు సాయంత్రం పిచికారీ చేయండి.

సాయంత్రమే ఎందుకంటే ఎండకు వేప గుణం తొందరగా విరిగిపోతుంది, పురుగు వచ్చేది రాత్రి. వాన పడితే మళ్లీ కొట్టాల్సిందే. బుట్టలో పురుగులు పెరిగినప్పుడు మొదటిసారి, ఆ తర్వాత గుడ్ల లెక్క చూసుకుని వారం పది రోజులకు మరోసారి కొట్టండి.

కషాయం ఆముదం మీద పడకూడదు. స్ప్రేయర్ చేతిలో ఉంది కదా అని గట్టు మీద మొక్కలకూ కొట్టేస్తారు. దాంతో పిలిచే మొక్క కూడా వద్దనడం మొదలుపెడుతుంది. చివరి సాలు కొట్టేటప్పుడు గన్ లోపలి వైపుకు తిప్పుకోండి.

8. ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

ఆముదం మీద గుడ్లే లేవు, పల్లి మీద ఉన్నాయి. ఆముదం ఆలస్యంగా పెట్టారు, లేదా మొక్కలు నీళ్లందక వాడిపోయాయి. వాడిన మొక్క వాసన బలంగా ఉండదు. గట్టు మీద మొక్కలకు వారానికోసారైనా ఒక చెంబు నీళ్లు పోయండి. ఇప్పటికే ఆలస్యమైతే ఈ పంటకు బుట్టలు, వేప కషాయం, పల్లిలోనే గుడ్లు ఏరడం మీద ఆధారపడండి.

ఆముదం మీదా పల్లి మీదా సమానంగా ఉన్నాయి. యూరియా ఎక్కువ పడిందేమో చూసుకోండి. నత్రజని ఎక్కువై ముదురు ఆకుపచ్చగా, లేతగా ఉన్న పైరు తల్లి పురుగులను ఎక్కువగా ఆకర్షిస్తుంది. పల్లి గాలిలోని నత్రజనిని వేర్ల బుడిపెల్లో తానే పట్టుకునే పంట, పక్కవాళ్లు చల్లారని మనం చల్లాల్సిన పని లేదు.

పురుగు అప్పటికే పెద్దదయింది. వేలి పొడవు పెరిగిన లద్దె పురుగు పగలు మట్టి పెళ్లల కింద, మొదళ్ల దగ్గర దాక్కుని రాత్రి తింటుంది. దాని మీద వేప కషాయం పెద్దగా పనిచేయదు. ఆ దశలో మీ వ్యవసాయ విస్తరణ అధికారి(ఏఈఓ)నో, పాలెం పరిశోధనా స్థానం వాళ్లనో అడిగి మందు వేయండి. ఇందులో నామోషీ పడాల్సింది లేదు, పంట దక్కించుకోవడమే ముఖ్యం.

గుడ్ల కుప్పలు నల్లగా మారాయి. పొదగబోయే గుడ్లు కూడా నల్లబడతాయి, కాబట్టి వెంటనే ఒక మాటకు రాకండి. గుడ్లలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వాటిలో చేరితే గుడ్డు నల్లబడుతుంది. తల్లి పురుగు రాల్చిన నూగు వాసన పట్టుకునే ఇవి గుడ్లను వెతుక్కుంటాయి. రోజులు గడిచినా పిల్లలు రాకుండా నల్లగానే ఉన్న గుడ్ల ఆకును మాత్రం ముంచకుండా మొక్క మీదే వదిలేయండి.

మేకలు ఆముదం మేశాయి. ఇది పురుగు కన్నా పెద్ద సమస్య. ఆముదం గింజ పశువులకూ పిల్లలకూ విషం, ఆకు కూడా ఎక్కువ మేస్తే ప్రమాదమే. మందలు తిరిగే బాట వైపు గట్టు మీద ఆముదం పెట్టకండి. మిగిలిన విత్తనం ఇంట్లో పిల్లలకు అందని చోట పెట్టండి.

9. పత్తి, కంది, టమాట, క్యాబేజీ వేసేవాళ్లకు

పత్తిలో లద్దె పురుగుకు ఆముదం ఇదే లెక్కలో పెట్టుకోవచ్చు. బీటీ పత్తి వచ్చాక శనగ పచ్చ పురుగు బెడద తగ్గింది కానీ గులాబీ రంగు పురుగుది పెరిగింది. దానికి ఎర పంట లేదు. దాని ఎరతో బుట్టలు పెట్టి, వరుసగా మూడు రోజులు బుట్టకు ఏడెనిమిది మగ పురుగులు పడితే వెంటనే కదలండి. గట్ల మీద తుత్తురబెండ మాత్రం ఉంచొద్దు. అది పత్తి, బెండల కుటుంబంలోదే, చేలో పంట లేని రోజుల్లో పత్తి పురుగులకు అదే నీడనిస్తుంది.

టమాటకు బంతి పెట్టేవాళ్లు నారు వయసు చూసుకోవాలి. 25 రోజుల టమాట నారుతో పాటు 40 రోజుల బంతి నారు నాటాలి, ప్రతి 16 వరుసల టమాటకు ఒక వరుస బంతి. పచ్చ పురుగు గుడ్లకు మొగ్గ, పువ్వు ఉన్న మొక్కను కోరుకుంటుంది. టమాట పూతకు వచ్చే రోజుల్లోనే బంతి కూడా పూయాలి, ముందూ కాదు, వెనకా కాదు. పొడవుగా పెరిగే బంతి రకమే తీసుకోండి. బతుకమ్మకు పూలు కోసుకోవచ్చు, కోసిన మొగ్గల్లో పురుగులుంటే గట్టు మీద పారేయకుండా నీళ్లలో ముంచండి.

క్యాబేజీలో ప్రతి 25 వరుసలకు రెండు సాళ్లు ఆవాలు. ఒక సాలు క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు వేయండి. ఆవ ఘాటు ఉన్న ఆకులే ఆ పురుగుకు ఇల్లు.

కందికి ఎర పంట పెట్టమని నేను చెప్పను. పూతలో ఉన్న కందే పచ్చ పురుగుకు అన్నిటికన్నా ఇష్టం, దాన్ని మించిన ఎర మన చేతిలో లేదు. మొగ్గ దశలోనే వేప కషాయం కొట్టి, గుడ్లు చూస్తూ ఉండటమే దారి.

10. బత్తాయి తోటల వాళ్లకు

నల్లగొండ బత్తాయి రైతులు అడిగేవి ముఖ్యంగా రెండు.

మొదటిది లేత చిగుర్లు తినే సీతాకోకచిలుక పురుగు. ఈ తల్లి పగలే వస్తుంది. చిగురు మీద వాలి ముందుకాళ్లతో టపటపా తడుతుంది, ఆ తట్టడంలోనే ఆకు రుచి పట్టి నిమ్మ జాతి అవునో కాదో తేల్చుకుంటుంది. గుండ్రని లేత పసుపు గుడ్లు ఒక్కొక్కటిగా లేత ఆకుల మీద పెడుతుంది. కొత్త చిగురు వచ్చిన వారాల్లో చిన్న మొక్కలను రోజు విడిచి రోజు చూసి గుడ్లు, పక్షి రెట్టలా కనిపించే పిల్ల పురుగులు ఏరేస్తే చాలు. పెద్ద చెట్లకు దీనితో పెద్ద నష్టం ఉండదు.

రెండోది పండు రసం పీల్చే రెక్కల పురుగు. దీని విషయంలో చాలా తోటల్లో వెతకాల్సిన చోట వెతకడం లేదు. ఈ పురుగు బత్తాయికి వచ్చేది తిండికి, పండిన పండు వాసన పట్టుకుని. గుడ్లు మాత్రం బత్తాయి మీద పెట్టదు. దాని పిల్లలు తిప్పతీగ, దూసరి తీగల మీద పెరుగుతాయి. పండు మీద రంధ్రం చూసి చెట్టుకు ఎంత మందు కొట్టినా, కంచె మీద తీగ ఉన్నన్నాళ్లు కొత్త పురుగులు పుడుతూనే ఉంటాయి.

- కాయ రంగు తిరగడానికి నెలన్నర ముందే కంచెలు, గట్లు, పక్క బీళ్లలోని ఈ తీగలను వేళ్లతో సహా పెకిలించండి. మందు కోసం ఇంటి దగ్గర తిప్పతీగ పెంచుకునేవాళ్లు దాని ఆకులను తరచుగా చూసుకోండి.
- రాలిన పండ్లను రోజూ ఏరి లోతుగా పూడ్చండి. కుళ్లిన పండు వాసన దూరం నుంచి పురుగును రప్పిస్తుంది.
- పొద్దుగూకాక తోటలో పొగ పెట్టండి. పండు వాసనను పొగ కప్పేస్తుంది.
- పక్క తోట వాళ్లతో కలిసి చేయండి. తీగ వాళ్ల కంచె మీద ఉంటే పురుగు మీ పండు మీద ఉంటుంది.

11. నమ్మకం కుదరకపోతే మూడు కుండీలతో చూడండి

బడి పిల్లలతో చేయడానికి కూడా ఇది బాగుంటుంది. లేత చిగుర్లున్న నిమ్మ, కరివేపాకు, మందార మొక్కలను ఒకే ఎత్తులో మూడు కుండీల్లో ఎండ తగిలే చోట, రెండడుగుల దూరంలో పెట్టండి. రోజూ సాయంత్రం ఆకులు తిప్పి గుడ్లు లెక్కపెట్టి రాయండి. రెండు రోజులకోసారి కుండీల చోట్లు మార్చండి, లేకపోతే గుడ్లు మొక్కను బట్టి వచ్చాయా, చోటును బట్టి వచ్చాయా తెలియదు.

సీతాకోకచిలుకలు తిరిగే వానాకాలంలో వారం పది రోజులు చూస్తే నిమ్మ, కరివేపాకుల మీద గుడ్లు కనిపిస్తాయి. మూడు మొక్కలూ పచ్చగానే ఉన్నా మందారను అవి ఎందుకు వదిలేశాయో పిల్లలే అడుగుతారు.

12. పంట తీశాక

పల్లి పీకిన రోజే గట్టు మీద ఆముదాన్ని వదిలేసి పోకండి. చేలో ఆకు లేకపోతే మిగిలిన తల్లులన్నీ దాని మీదికే చేరతాయి. గెలలు ముదిరి ఉంటే కోసుకుని, మొక్కలను ఒకసారి చివరిగా తిప్పి చూసి, పీకి కంపోస్టు గుంతలో వేసి మట్టి కప్పండి. చేనును లోతుగా దున్నితే నేలలో ఉన్న లద్దె పురుగు కోశాలు పైకి వస్తాయి, కొంగలు, కాకులు నాగలి వెంటే తిరిగి ఏరుకుంటాయి.

నోట్‌బుక్‌లో ఏ గట్టు మీద ఎక్కువ కుప్పలు దొరికాయో లెక్క తీయండి. వచ్చే ఉత్తర కార్తెకు ఆముదం గింజ ఆ గట్టు మీద చిక్కగా పెట్టండి.